కృష్ణా డెల్టాలో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ – నీటి ఒడ్డు గ్రామాలు

విజయవాడ చుట్టుపక్కలా దాని దిగువనా నది, కాలువలు, చెరువులు, కొల్లేరు సరస్సు ఒడ్డున ఎన్నో పాత నిర్మాణాలు ఉన్నాయి. వాటిలో స్తూపాలు, గుహలు, గుళ్ళు, కోటలు, లాకులు, కాలువ బంగళాలు ఉన్నాయి. వీటిని చెడిపోకుండా కాపాడి, బాగుచేసి, వీలున్నచోట మళ్ళీ వాడుకలోకి తేవడాన్ని ఈ వ్యాసం పునరుద్ధరణ అంటుంది. వాటి ఆలనాపాలనా చివరికి పడేది చేపలు పట్టేవారు, వరి పండించేవారు, పడవ నడిపేవారు ఉండే గ్రామాల మీదే. అందుకే ఇక్కడ పునరుద్ధరణను కట్టడం అందంతో మాత్రమే కొలవరు. బాగుపడిన గోడ పక్క ఊరికి ఏ పనికొచ్చిందన్నది కూడా కొలతే. డెల్టా చరిత్రలో ఊరికి పనికిరాని కట్టడం రాళ్ళగనిగా మారింది. ఊరు వాడుకున్న కట్టడం మాత్రం వరదలనూ తుఫాన్లనూ తట్టుకుని నిలిచింది.

భౌగోళిక నేపథ్యం

విజయవాడ దగ్గర కొండల మధ్య నుంచి బయటపడిన కృష్ణ, దిగువన పాయలుగా చీలి హంసలదీవి పరిసరాల్లో సముద్రంలో కలుస్తుంది. బ్రిటిష్ ఇంజినీర్లు 1852–55 మధ్య విజయవాడ వద్ద నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి రెండు వైపులా కాలువలు తవ్వారు. ఆ ఆనకట్ట 1952లో తెగింది. దాని స్థానంలో 1954–57 మధ్య కట్టిన ప్రకాశం బ్యారేజి నేటికీ డెల్టాలో పన్నెండు లక్షలకు పైగా ఎకరాలకు నీరందిస్తోంది. 2023లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ సంఘం ఈ బ్యారేజిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో చేర్చింది. వాడుకలో ఉంటూనే వారసత్వ గుర్తింపు పొందిన కట్టడానికి డెల్టాలో ఇదే పెద్ద ఉదాహరణ.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు ఉంది. దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఇదొకటి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లు ఇందులోకి దిగుతాయి. మిగులు నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. 1999లో ఐదో కాంటూరు (ఎత్తును చూపే గీత) లోపలి సుమారు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. సరస్సు గర్భంలోని లంక గ్రామాలకూ చుట్టూ ఉన్న ఊళ్ళకూ చేపలే ప్రధాన ఆధారం. తాటి మొద్దును తొలిచి చేసిన దోనెలు ఒకప్పుడు ఇక్కడి ఇంటింటి వాహనాలు.

కట్టడాల రకాలు

డెల్టా నీటి ఒడ్డు కట్టడాలు నాలుగు రకాలు. మొదటిది బౌద్ధ స్థలాలు: అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, గుడివాడ. సముద్ర వ్యాపారం, నదీ రవాణా సాగిన కాలంలో వర్తకుల దానాలతో ఇవి పెరిగాయి. గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టోలమీ పేర్కొన్న కంటకోస్సిల రేవు ఘంటసాలేనని పండితుల గుర్తింపు. రెండోది గుళ్ళు, గుహలు: ఉండవల్లి, మొగల్రాజపురం గుహలు, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణువు ఆలయం, హంసలదీవి వేణుగోపాలస్వామి ఆలయం, కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి. మూడోది కోటలు, వర్తక స్థావరాలు: రెడ్డిరాజుల కాలపు కొండపల్లి కోట, బందరు కోట శిథిలాలు, బందరులోని డచ్చి శ్మశానం. నాలుగోది కాలువల వారసత్వం: లాకులు, తూములు, అక్విడక్టులు, కాలువలు కాసే లస్కర్ల ఇళ్ళు, ఇంజినీర్ల బంగళాలు. మొదటి మూడింటికి శాసనాలు, పరిశోధకులు, యాత్రికులు ఉన్నారు. నాలుగోదాన్ని వారసత్వంగా చూడటం ఇప్పుడిప్పుడే మొదలైంది.

రాళ్ళు తరలిపోయిన కాలం

డెల్టాలో పునరుద్ధరణ చరిత్ర కూల్చివేతలతో మొదలవుతుంది. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో పట్టణం కట్టించేటప్పుడు స్తూపం దిబ్బ నుంచి ఇటుకలూ రాళ్ళూ తరలాయి. 1797లో ఆ చోటు చూసిన సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి పటాలు గీయించాడు. అప్పటికే స్తూపం నడిబొడ్డును తవ్వి చెరువుగా మార్చేశారు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వకాలు జరిపాడు. అక్కడి శిల్పాలు నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ ఉన్నాయి.

భట్టిప్రోలు కథలో నీటిపారుదల పాత్ర ఇంకా ఎక్కువ. డెల్టా పనుల కాలంలో ఆ స్తూపం ఇటుకలూ పాలరాతి పలకలూ రోడ్లకూ కాలువ కట్టడాలకూ పోయాయి. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే మిగిలిన దిబ్బను తవ్వినప్పుడు లోపల ధాతు పేటికలు దొరికాయి. వాటిపై ఉన్న బ్రాహ్మీ లిపి తెలుగు లిపి చరిత్ర చదివేవారికి మొదటి మెట్టు. అదే కాలంలో రే ఘంటసాల స్తూపాన్ని కూడా తవ్వాడు. ఘంటసాల శిల్పాల్లో కొన్ని పారిస్‌లోని గిమే మ్యూజియం చేరాయి.

ఈ నష్టానికి అజ్ఞానం ఒక్కటే కారణం కాదు. ఒండ్రు నేలలో రాయి దొరకదు. లాకు కట్టాలన్నా తూము కట్టాలన్నా దూరం నుంచి రాయి మోయించాలి. ఎవరికీ పట్టని దిబ్బలో చెక్కిన రాయి చేతికందుతుంటే గుత్తేదారు దాన్ని వదలడు. పొలాలను బతికించిన నీరే స్తూపాలను మింగింది.

చట్టాలు, సంస్థలు

జాతీయ ప్రాముఖ్యం ఉన్న స్థలాలను 1958 ప్రాచీన కట్టడాల చట్టం కింద భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ చూస్తుంది. మిగిలినవాటికి 1960 నాటి రాష్ట్ర చట్టం ఉంది. నిత్యపూజలున్న ఆలయాలు చాలావరకు దేవాదాయ శాఖ కిందికి వస్తాయి. కాలువలు, లాకులు జలవనరుల శాఖవి. కొల్లేరు అభయారణ్యం అటవీ శాఖది. ఇన్ని శాఖల మధ్య ఒకే ఊరి గుడి ఒకరిది, కోనేరు ఇంకొకరిది, దారి మరొకరిది అవుతుంది.

1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్ల వరకు కట్టాలంటే అనుమతి కావాలి. కట్టడానికి ఇది రక్షణ కవచమే. గోడకు ఆనుకుని బతుకుతున్న కుటుంబానికి మాత్రం ఇల్లు పెంచుకోవడం, దుకాణం పెట్టుకోవడం కష్టమవుతుంది. ఊరి సానుభూతి నిలవాలంటే కట్టడం నుంచి ఆ కుటుంబానికి ఏదో ఒక ఆదాయం రావాలి.

వారసత్వ నగరాల అభివృద్ధికి కేంద్రం 2015లో ప్రారంభించిన హృదయ్ పథకానికి దేశంలో ఎంపికైన 12 పట్టణాల్లో అమరావతి ఒకటి. తెలుగు నేల నుంచి రెండోది వరంగల్లు. ఈ పథకం 2019లో ముగిసింది. అంతకుముందు 2006 జనవరిలో దలైలామా ఆధ్వర్యంలో బౌద్ధుల కాలచక్ర ఉత్సవం అమరావతిలో జరిగింది. దేశవిదేశాల యాత్రికులు వచ్చిన ఆ రోజుల్లో, కృష్ణ ఒడ్డునున్న ఆ చిన్న ఊరు తన స్తూపానికి ఎంత ఆకర్షణ ఉందో కళ్ళారా చూసింది.

నాగార్జునకొండ: కట్టడాలు కొండెక్కిన కథ

డెల్టాకు ఎగువన, అదే కృష్ణపై జరిగిన నాగార్జునకొండ పని తెలుగువారి పునరుద్ధరణ చరిత్రలో అతి పెద్దది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి లోయను 1926లో గుర్తించారు. 1927–31 మధ్య పురావస్తు శాస్త్రజ్ఞుడు లాంగ్‌హర్స్ట్ అక్కడ తవ్వకాలు జరిపాడు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన జరగడంతో ఆ లోయ మునగడం ఖాయమైంది. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో లోయంతా తవ్వి విహారాలు, స్తూపాలు, ఆలయాలు, స్నానఘట్టాలు, మెట్ల ఆడిటోరియం వెలికితీశారు. ముఖ్యమైనవాటిని విడదీసి కొండ మీదా ఒడ్డునున్న అనుపు వద్దా తిరిగి కట్టారు. జలాశయం నిండాక కొండ ద్వీపమైంది. దాని మీద మ్యూజియం వెలిసింది.

ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను కోసి పైకి జరిపిన పని 1964–68 నాటిది. నాగార్జునకొండ ఆలోచన దానికంటే ముందుది.

ఒడ్డు గ్రామాలకు దీని వల్ల వచ్చిన ఫలం మిశ్రమం. విజయపురి సౌత్ నుంచి కొండకు నడిచే లాంచీలు, తినుబండారాల దుకాణాలు, వసతి గృహాలు కొందరికి ఉపాధి ఇచ్చాయి. మాచర్ల దగ్గరి దుర్గిలో రాతి శిల్పం చెక్కే సంప్రదాయం ఇంకా సజీవంగా ఉంది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. లోయలో ఊళ్ళూ పొలాలూ ఉన్నవారు మాత్రం చెల్లాచెదురయ్యారు. ఇటుకలకు నంబర్లు వేసి పైకి మోసినంత శ్రద్ధ ఊళ్ళ మీద చూపలేదన్న విమర్శ ఇలాంటి ప్రతి జలాశయం విషయంలోనూ వినబడుతుంది.

శ్రీశైలం జలాశయం వల్ల మునిగే ప్రాంతంలోని ఆలయాలనూ కొన్నిటిని తరలించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఆలంపూర్ వద్ద మళ్ళీ నిలబెట్టారు. సప్తనదుల సంగమం వద్ద, వేపమొద్దు లింగమున్న మరో సంగమేశ్వరాలయం ఉన్నచోటే ఉండిపోయింది. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళలోనే ఉండి, నీటిమట్టం తగ్గిన వేసవి నెలల్లో బయటపడుతుంది. ఆ నెలల్లో చుట్టుపక్కల ఊళ్ళ జనం కదిలివచ్చి పూజలు చేస్తారు. వాడుక తెగని ఆ గుడిని ఏ మ్యూజియమూ కాపాడలేదు. భక్తుల రాకే దాన్ని నిలబెట్టింది.

కొల్లేటికోట: లంకలో దేవత

కొల్లేరుకు పాత పేరుప్రఖ్యాతులున్నాయి. 634 నాటి ఐహోలు శాసనంలో చాళుక్య రాజు రెండో పులకేశి యుద్ధంతో నీరు ఎర్రబారిందని చెప్పిన కునాళ సరస్సు ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. సరస్సులోని కొల్లేటికోట గురించి ఒక జనశ్రుతి ఉంది. ఒడిశా గజపతుల సేనాని ఈ జలదుర్గంలో ఉండగా శత్రుసైన్యం చిగురుకోట వద్ద విడిది చేసిందట. నీరు తోడేసి కోటను పట్టుకోవాలని ఉప్పుటేరును తవ్వించారట. దేవతలను శాంతింపజేయడానికి గజపతుల సేనాని తన కూతురినే బలిచ్చాడని, అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అన్న పేరు వచ్చిందని చెబుతారు. ఇది చరిత్ర కాదు. అయితే సరస్సు నీరు ఎక్కడికి పోతుందో, ఎప్పుడు పోతుందో తమ ప్రాణానికి ముడిపడి ఉందని లంకవాసులు చెప్పుకునే తీరు ఇందులో కనబడుతుంది.

కోట గోడలు ఇప్పుడు లేవు. నిలిచింది పెద్దింట్లమ్మ గుడి. ఫాల్గుణ మాసపు జాతరకు చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు. జలదుర్గ గోకర్ణేశ్వరస్వామి కల్యాణం ఆ ఉత్సవాల్లో ముఖ్య ఘట్టం. జాతర రోజుల్లో పడవల వారికి, చేపలమ్మేవారికి, తాత్కాలిక దుకాణాల వారికి వచ్చే ఆదాయం లంకలకు పెద్ద ఊతం. కైకలూరు దగ్గరి ఆటపాక పక్షి కేంద్రంలో గూడబాతుల కోసం వచ్చే సందర్శకులనూ ఈ గుడినీ ఒకే దారిలో కలిపితే, జాతర ఆదాయం కొన్ని రోజులకే పరిమితం కాకుండా శీతకాలమంతా పరుచుకుంటుంది.

అలా కలపడంలో అడ్డంకులూ ఉన్నాయి. 2005–06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించింది. సరస్సుకు ఊపిరి ఆడింది గానీ చెరువుల మీద బతికిన కుటుంబాలు ఉపాధి కోల్పోయాయి. అప్పటి నుంచి పర్యావరణం అన్న మాట వింటే లంక గ్రామాల్లో అనుమానం పుడుతుంది. వారసత్వం అన్న మాటకూ అదే గతి పట్టకుండా ఉండాలంటే, గుడి దారి, పడవ రేవు, సందర్శకుల టికెట్టు ఆదాయంలో మత్స్యకార సంఘాలకు మొదటి నుంచీ వాటా ఉండాలి.

కాలువ కట్టడాలు

విజయవాడ నుంచి ఏలూరు కాలువ మీదుగా గోదావరి డెల్టాకూ, కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసుకూ పడవల్లో సరుకు పోయిన రోజులున్నాయి. ఎగువ, దిగువ నీటిమట్టాల మధ్య పడవను ఎత్తి దించే లాకులు ఆ రవాణాకు గుండెకాయ. లారీలు వచ్చాక లాకు తలుపులు తుప్పు పట్టాయి. లాకు దగ్గరి దుకాణాల కూడళ్ళ పేర్లు మాత్రం మిగిలాయి.

2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలనూ గోదావరి, కృష్ణా నదుల్లోని కొన్ని భాగాలనూ కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఈ మార్గం పూర్తిగా జీవం పోసుకుంటే పాత లాకులను కూల్చి వెడల్పు చేయాలా, పక్కన కొత్తవి కట్టి పాతవి కాపాడాలా అన్న ప్రశ్న తప్పదు. పక్కన కట్టడం ఖర్చే. కానీ ఇటుక వంపులతో, గానుగ సున్నంతో కట్టిన లాకులు డెల్టా ఎలా పుట్టిందో చెప్పే పాఠాలు. ఖాళీగా ఉన్న కాలువ బంగళాలను గ్రామ గ్రంథాలయాలుగా, నీటి సంఘాల కార్యాలయాలుగా, యాత్రికుల బసగా వాడుకుంటే నిర్వహణకు వేరే డబ్బు వెతుక్కోనక్కరలేదు.

పునరుద్ధరణ పద్ధతి

నీటి ఒడ్డు కట్టడానికి ముగ్గురు శత్రువులు: చెమ్మ, ఉప్పు, మొక్క. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది కాబట్టి పునాది కదులుతుంది. నేలలోని చెమ్మ ఇటుకల సందుల్లోంచి పైకి పాకి, ఆవిరవుతూ ఉప్పును గోడ మీద వదిలేస్తుంది. ఆ ఉప్పు గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. గోడ పగుళ్ళలో రావి, మర్రి మొలిస్తే వేళ్ళు రాయిని చీలుస్తాయి.

పాత తాపీ మేస్త్రీలు గోడకు డంగు సున్నం వాడేవారు. సున్నంలో ఇసుకో ఇటుక పొడో కలిపి గానుగలో రోజుల తరబడి నూరి, కరక్కాయ, బెల్లం నీళ్ళు చేర్చేవారు. తీరప్రాంతంలో గుల్లలు కాల్చి సున్నం తీసేవారు. సున్నం గోడ ఊపిరి పీల్చుకుంటుంది. చెమ్మను బయటకు పోనిస్తుంది. సిమెంటు పూత చెమ్మను లోపలే బంధిస్తుంది. సిమెంటుతో మెరుగుపెట్టిన గుడి కొన్నేళ్ళలోనే పాతదానికంటే ఎక్కువగా ఊడిపోవడానికి కారణం ఇదే. రాతి శిల్పాల మీద రంగులు పూయడమూ అంతే హాని. సున్నం గానుగ తిప్పగల మేస్త్రీలను ఊళ్ళోనే తయారు చేస్తే, పని పూర్తయ్యాక కూడా ఆ విద్య, ఆ కూలి ఊరికి మిగులుతాయి.

వరదలు మరో పరీక్ష. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజికి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గరి కట్టడాన్ని ఢీకొన్నాయి. అదే సమయంలో బుడమేరు పొంగి విజయవాడలో పెద్ద భాగాన్ని ముంచింది. కట్టడాన్ని బాగుచేస్తే సరిపోదు, దాని చుట్టూ నీరు పోయే దారినీ బాగుచేయాలి.

పాత నిర్వహణ నమూనాలు

తెలుగు నేలకు ఊరే కట్టడాన్ని చూసుకునే పద్ధతి కొత్త కాదు. చెరువు తవ్వించినవారికో, దాని మరమ్మతు చూసేవారికో సాగుభూమిలో కొంత భాగం దశబంధం ఇనాముగా ఇచ్చేవారు. గట్టు తెగకుండా చూడటం ఆ ఇనాము షరతు. 1369 నాటి పోరుమామిళ్ళ చెరువు శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన అంగాలనూ ఉండకూడని దోషాలనూ లెక్కపెట్టి చెబుతుంది. పోరుమామిళ్ళ చెరువు, కంభం చెరువు, కర్నూలు–కడప కాలువ 2020లో వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో చేరాయి. తరతరాలుగా ఆయకట్టు రైతు వాటిని వాడుకోవడమే ఆ గుర్తింపుకు మూలం.

తెలంగాణలోని పాలంపేట ఇంకో పాఠం. రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన రామప్ప గుడి, పక్కనే ఉన్న రామప్ప చెరువు ఒకే ఆలోచనలో భాగాలు. 2021లో గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. చెరువు కింద నేటికీ పొలాలు పండుతున్నాయి. గుడి చూడటానికి వచ్చినవారు చెరువులో పడవెక్కుతారు. కాకతీయుల కాలం నుంచి గుడి, చెరువు, ఊరు కలిసే పెరిగాయి. పునరుద్ధరణ కూడా మూడింటినీ కలిపే చూడాలి.

డెల్టాకే చెందిన మరో ఉదాహరణ 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాతిది. వేలమంది ప్రాణాలు పోయాక తీరగ్రామాల్లో తుఫాను ఆశ్రయాలు కట్టారు. పాఠశాలగానో గ్రామ సమావేశాలకో రోజూ వాడుకున్నవే తుఫాను వేళ పనికొచ్చేలా నిలుస్తాయి. తాళం పడిన భవనం ఉప్పుగాలికే పాడవుతుంది. పాత కట్టడాలకూ ఇదే వర్తిస్తుంది.

నగరమూ పల్లెలూ

విజయవాడలో విక్టోరియా జూబిలీ భవనాన్ని 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవ స్మారకంగా తలపెట్టారు. 1921లో విజయవాడ కాంగ్రెసు సమావేశాల కాలంలో పింగళి వెంకయ్య జాతీయ జెండా నమూనాను గాంధీజీకి అందించిన ఘట్టంతో ఆ భవనం పేరు ముడిపడింది. తర్వాత పురావస్తు మ్యూజియంగా మారిన ఈ భవనాన్ని మెరుగుపరిచి 2020 అక్టోబరులో బాపు మ్యూజియంగా మళ్ళీ తెరిచారు. నగర కట్టడానికి రోజూ సందర్శకులున్నారు, బస్సులున్నాయి, పత్రికలున్నాయి. నగరానికి దూరంగా ఉన్న ఘంటసాల స్తూపం దగ్గరికో భట్టిప్రోలు దిబ్బ దగ్గరికో అంత సులువుగా ఎవరూ చేరరు. అందుకే విజయవాడ మ్యూజియం నుంచే ఉండవల్లి, అమరావతి, ఘంటసాల, పెడన కలంకారీ అద్దకాలు, కొల్లేరు వరకు సందర్శకుల దారిని గీయాలి. భారీ వాహనాలు పట్టని సన్నటి గట్టు దారుల్లో ఊళ్ళ ఆటోలకూ దోనెలకూ పని దొరుకుతుంది. అయితే పడవ భద్రత విషయంలో రాజీ పనికిరాదు. 2017 నవంబరులో విజయవాడ ఎగువన పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. లైఫ్ జాకెట్లు, లెక్కకు మించని ప్రయాణికులు, అనుమతి ఉన్న పడవలు లేకుండా నీటి పర్యాటకం ఊరికి మేలు చేయదు.

మూల్యాంకనం

కృష్ణా డెల్టాలో ఇప్పటి వరకు జరిగిన పునరుద్ధరణలో ఎక్కువ భాగం తవ్వకం, కంచె, బోర్డు, మ్యూజియం రూపంలో సాగింది. దాంతో రాళ్ళు తరలిపోవడం ఆగింది. కానీ కట్టడానికీ చుట్టుపక్కల బతుకుకూ మధ్య తెగిన దారి పూర్తిగా అతుకుపడలేదు. అమరావతి స్తూపం నడుమ ఒకప్పుడు చెరువు తవ్వినవారికి కావలసింది నీళ్ళు. భట్టిప్రోలు రాళ్ళు మోయించినవారికి కావలసింది తూము. ఆ అవసరాలు ఇంకా ఉన్నాయి: ఆదాయం, నీరు, తుఫానులో తలదాచుకునే చోటు, పిల్లలకు చదువు. వాటిలో ఒక్కదానికైనా పాత గోడ బదులు చెప్పగలిగితే, దాన్ని కాపాడేందుకు ఊరే ముందుకొస్తుంది.